లోపల ఉందా, లోపలికి రావాలా? చిన్నపిల్లలకు దిశా పదాలు నేర్పడం

పిల్లలకు భాష నేర్పేటప్పుడు మనం మొదట వస్తువుల పేర్లు నేర్పుతాం. ఆవు, చెట్టు, బంతి, గొడుగు అంటూ గోడ మీది బొమ్మలు చూపిస్తాం. తర్వాత పనుల పేర్లు వస్తాయి: తిను, కూర్చో, పరుగెత్తు. పైన, కింద, ముందు, వెనక, లోపల, బయట, కుడి, ఎడమ, ఇటు, అటు వంటి మాటలను విడిగా నేర్పాలని మాత్రం సాధారణంగా అనుకోం. అవి వాటంతట అవే వస్తాయిలే అని వదిలేస్తాం. తెలుగు ఊళ్ళలో నిజంగానే అలా వస్తాయి. రోజంతా చుట్టూ ఆ మాటలే వినిపిస్తాయి కాబట్టి. తెలుగు నేలకు దూరంగా పెరిగే పిల్లల విషయం వేరు. వాళ్ళ తెలుగులోంచి అందరికంటే ముందు జారిపోయే మాటలు ఇవే.

బిలాస్‌పూర్ రైల్వే కాలనీల్లో పెరుగుతున్న తెలుగు పిల్లలను దృష్టిలో పెట్టుకుని ఈ వ్యాసం రాస్తున్నాను. బెంగాల్ నాగపూర్ రైల్వే 1887లో ఏర్పడింది. కొద్ది ఏళ్ళలోనే దాని పట్టాలు బిలాస్‌పూర్ మీదుగా సాగాయి. తర్వాత వాల్తేరు వైపు దారులు కూడా ఆ కంపెనీ చేతిలోకి వచ్చాయి. రాయపూర్ – విజయనగరం మార్గం 1931లో పూర్తయింది. శ్రీకాకుళం, విజయనగరం, విశాఖ ప్రాంతాల కుటుంబాలు రైల్వే పనుల మీద ఇటు రావడానికి ఈ దారులే ఆధారం. ఇప్పుడు బడికి వస్తున్నది ఆ కుటుంబాల్లో మూడో తరమో, నాలుగో తరమో. ఇంట్లో తెలుగు ఉంది. అన్నం, పప్పు, నీళ్ళు, నాయనమ్మ, తాతయ్య అన్నీ తెలుగే. కానీ "గ్లాసు ఎక్కడుంది?" అని అడిగితే "ఊపర్ ఉంది" అంటారు. "చెప్పులేవి?" అంటే "బాహర్ ఉన్నాయి" అంటారు. వస్తువు పేరు తెలుగు, క్రియ తెలుగు, మధ్యలో దిశ మాత్రం హిందీ.

అర్థమైతే చాలదా అని కొందరు తల్లిదండ్రులు అడుగుతారు. బిలాస్‌పూర్‌లో, తమ ఇంట్లో, చాలు. సెలవులకు ఊరు వెళ్ళినప్పుడు చాలదు. "బుజ్జీ, పడమటి గదిలో, గూట్లో, డబ్బా అడుగున తాళం చెవి ఉంది, తెచ్చిపెట్టు" అని నాయనమ్మ అంటుంది. ఆ మాటలో గది, డబ్బా, తాళం చెవి పిల్లకు తెలుసు. పడమటి అంటే ఎటో తెలియదు, అడుగున అంటే ఎక్కడో తెలియదు. ఆ పిల్ల గుమ్మం దగ్గరే ఆగిపోతుంది. మనవరాలికి తెలుగు రాదని నాయనమ్మ అనుకుంటుంది. తనకు తెలుగు రాదని పిల్ల కూడా అనుకుంటుంది. అప్పటి నుంచి ఇద్దరూ చేతి సైగలతో, సగం హిందీతో సరిపెట్టుకుంటారు. నిజానికి ఆ పిల్లకు రానిది భాష మొత్తం కాదు, రెండే రెండు మాటలు. వాటిని నేర్పడం పెద్ద కష్టం కాదు. అయితే ఒక వరస కావాలి.

ఎక్కడ, ఎక్కడికి, ఎక్కడి నుంచి

హిందీ వాతావరణంలో పెరిగే పిల్లలు తెలుగు దిశా పదాలు నేర్చుకున్నాక కూడా ఒకచోట తడబడతారు. "లోపల రా", "పైన వెళ్ళు", "బయట పో" అంటారు. దీన్ని అజాగ్రత్త అనుకోకూడదు. దానికి కారణం ఉంది. మామూలు హిందీ మాటల్లో "అందర్ హై" అన్నా "అందర్ ఆవో" అన్నా "అందర్" మారదు. వస్తువు ఉన్నచోటుకూ మనిషి వెళ్ళేచోటుకూ అదే రూపం సరిపోతుంది. తెలుగులో అలా కుదరదు. పుస్తకం లోపల ఉంటుంది, మనిషి లోపలికి వస్తాడు, శబ్దం లోపలి నుంచి వినిపిస్తుంది. ఒక్కో దిశా పదానికి మూడు రూపాలు ఉన్నాయన్నమాట:

పైన – పైకి – పైనుంచి
కింద – కిందికి – కిందినుంచి
లోపల – లోపలికి – లోపలినుంచి
బయట – బయటికి – బయటినుంచి
ముందు – ముందుకి – ముందునుంచి
వెనక – వెనక్కి – వెనకనుంచి
ఇక్కడ – ఇక్కడికి – ఇక్కడినుంచి

ఈ పట్టికను ఒకటో తరగతి పిల్లల చేత వల్లె వేయించకూడదు. ఇది ఉపాధ్యాయుడి కోసం. పిల్లలకు కావలసింది జంట ఆజ్ఞలు. "బల్ల కిందికి వెళ్ళు" అని ఒక ఆజ్ఞ. పిల్లవాడు వెళ్ళాక మిగతా పిల్లల్ని "వాడు ఎక్కడ ఉన్నాడు?" అని అడగాలి. "బల్ల కింద ఉన్నాడు" అని జవాబు రావాలి. తర్వాత "కిందినుంచి బయటికి రా". వెళ్ళేటప్పుడు ఒక రూపం, ఉన్నప్పుడు ఒక రూపం, వచ్చేటప్పుడు ఒక రూపం. పది నిమిషాలు ఇలా ఆడితే వాళ్ళ చెవికి తేడా పట్టుబడుతుంది. సూత్రం చెప్పకుండానే "లోపల రా" అన్న మాట వాళ్ళకే వింతగా వినిపించడం మొదలవుతుంది.

ఉపాధ్యాయులు ఒక మెలిక గుర్తుంచుకోవాలి. పెట్టు, వెయ్యి అనే క్రియల దగ్గర కదలిక ఉన్నా మొదటి రూపమే వస్తుంది. "పుస్తకం బల్ల మీద పెట్టు", "పెన్సిళ్ళు డబ్బాలో వెయ్యి" అంటాం. అందుకని తొలిరోజుల్లో రా, వెళ్ళు, ఉండు, కూర్చో అనే నాలుగు క్రియలతోనే ఆట ఆడించడం మంచిది. పెట్టు, వెయ్యి తర్వాత చేర్చవచ్చు.

హిందీ ఇక్కడ అడ్డు వచ్చినట్టే మరోచోట సాయం చేస్తుంది. ఇటు, అటు, ఎటు అనే మూడు మాటలూ ఇధర్, ఉధర్, కిధర్ అనే మాటలకు సరిగ్గా సరిపోతాయి. ఇ దగ్గరకు, అ దూరానికి, ఎ ప్రశ్నకు. ఇక్కడ, అక్కడ, ఎక్కడ. ఇప్పుడు, అప్పుడు, ఎప్పుడు. ఈ వరస ఒకసారి దొరికితే పిల్లలే కొత్త మాటలు కట్టుకుంటారు. అందుకే పాఠం ఇటు, అటులతో మొదలుపెడితే వాళ్ళకు తెలిసిన నేల మీద నుంచి తెలియని నేల మీదికి నడిపించినట్టవుతుంది.

ఇల్లు ముందు కాదు, ఇంటి ముందు

దిశా పదం ఎప్పుడూ ఒంటరిగా రాదు. దేనికి ముందు, దేని కింద అన్నది కూడా చెప్పాలి. అక్కడ తెలుగు నామవాచకం రూపం మారుతుంది. ఇల్లు ముందు అనం, ఇంటి ముందు అంటాం. ఊరు బయట కాదు, ఊరి బయట. నోరు లోపల కాదు, నోటి లోపల. చెయ్యి కింద కాదు, చేతి కింద. వ్యాకరణంలో ఈ ఇ, టి, తి వర్ణాలనే ఔపవిభక్తికాలు అంటారు. ఆ పేరు పిల్లలకు అక్కర్లేదు, ఆ రూపాలు కావాలి.

బల్ల కింద, గోడ వెనక, చెట్టు పక్కన అన్నప్పుడు ఏ మార్పూ ఉండదు. పిల్లలు ముందు ఈ మాటలు విని, ఇల్లు, ఊరు కూడా అలాగే ఉంటాయనుకుంటారు. కాబట్టి మొదట మారని మాటలతో ఆడించి, అవి వచ్చాక మారే మాటలు ఐదారు ఎంచుకుని వాటినే పదే పదే వాడాలి. ఇంటి ముందు, ఊరి బయట, చేతి కింద, కాలి పక్కన, నీటి లోపల, కంటి ముందు చాలు. ఎవరైనా "ఇల్లు ముందు" అంటే తప్పు అని ఆపవద్దు. "అవును, ఇంటి ముందే" అని సరైన రూపంతో ఒప్పుకోవాలి. పిల్లవాడికి జవాబు దొరుకుతుంది, రూపమూ వినిపిస్తుంది.

దగ్గరి అర్థాలున్న మాటల తేడాలు కూడా ఈ దశలోనే చూపించవచ్చు. టోపీ తల మీద ఉంటుంది, ఫ్యాను తల పైన తిరుగుతుంది. ఆనుకుని ఉంటే మీద, ఎత్తులో ఉంటే పైన. మంచం కింద చెప్పులుంటాయి, డబ్బా అడుగున బియ్యం గింజలు మిగులుతాయి. వరసలో నిలబడినప్పుడు నా ముందు ఒకరు ఉంటారు. కూర్చుని మాట్లాడుకునేటప్పుడు ఒకరికొకరం ఎదురుగా ఉంటాం. రైల్వే పిల్లలకు ఇది మరీ తేలిక. ముందు పెట్టె వేరు, ఎదురు బండి వేరు.

ముందు అనే మాటకు కాలానికి సంబంధించిన అర్థం కూడా ఉంది. "ముందు చేతులు కడుక్కో, తర్వాత తిను" అంటాం. "7కి ముందు 6" అని లెక్కల్లో అంటాం. "ముందుంది మొసళ్ళ పండగ" అన్నప్పుడు అదే మాట రాబోయే కాలాన్ని చూపిస్తుంది. అందుకే ఒకే రోజు చోటునూ కాలాన్నీ కలిపి చెప్పవద్దు. చోటు అర్థం స్థిరపడ్డాక లెక్కల పీరియడ్‌లో రెండో అర్థం చెప్పుకోవచ్చు.

కుడి ఎడమలు ఎవరివి?

పైన, కింద అందరికీ ఒకటే. కుడి, ఎడమ అలా కాదు. మనిషి తిరిగితే అవీ తిరుగుతాయి. ఇది పిల్లలకు ఎందుకు కష్టమో స్విట్జర్లాండ్‌కు చెందిన జాన్ పియాజే 1920లలోనే పరిశీలించారు. ఆయన లెక్కలో పిల్లలు మూడు మెట్లు ఎక్కుతారు. సుమారు 5 నుంచి 8 ఏళ్ళ మధ్య తన కుడి, తన ఎడమ తెలుస్తాయి. 8 నుంచి 11 ఏళ్ళ మధ్య ఎదురుగా ఉన్నవాళ్ళ కుడి, ఎడమ తెలుస్తాయి. 11, 12 ఏళ్ళకు వరసగా పెట్టిన మూడు వస్తువుల్లో నడిమిది ఒకదానికి కుడివైపు, మరోదానికి ఎడమవైపు ఎలా అయిందో తెలుస్తుంది. పిల్లలందరూ సరిగ్గా ఇదే వయసుకు ఇదే మెట్టు మీద ఉండరు. కానీ మెట్ల వరస ఉపాధ్యాయుడికి ఎంతో పనికొస్తుంది.

దీని నుంచి మూడు సంగతులు తేలుతాయి. మొదటిది, ఒకటి, రెండు తరగతుల్లో పిల్లల సొంత కుడి ఎడమలే అడగాలి. "నా కుడి చెయ్యి ఏది?" అని ఉపాధ్యాయుడు ఎదురుగా నిలబడి అడిగితే, చెప్పలేని పిల్లవాడు వెనకబడ్డవాడు కాడు, ఇంకా ఆ మెట్టు ఎక్కలేదు అంతే. రెండోది, చెయ్యి ఎత్తి చూపించేటప్పుడు ఉపాధ్యాయుడు పిల్లలకు వీపు పెట్టి, వాళ్ళు చూసేవైపే చూస్తూ నిలబడాలి. అప్పుడు అందరి కుడీ ఒకేవైపు ఉంటుంది. మూడోది, "అన్నం తినే చెయ్యి కుడి" అని గుర్తు చెప్పకూడదు. తరగతిలో ఎడమ చేతివాటం పిల్లలు ఉంటారు. ఆ గుర్తు వాళ్ళను తప్పుదారి పట్టిస్తుంది, మనసుకూ కష్టం కలిగిస్తుంది. అందరి కుడి మణికట్టుకూ ఒక రంగు దారం కడితే సరిపోతుంది. కొన్ని వారాలకు దారం ఊడిపోయినా గుర్తు మిగులుతుంది.

తాతలు వ్యవసాయం చేసిన ఇళ్ళలో మరో జంట మాటలు దొరుకుతాయి. కాడికి కుడివైపు కట్టే ఎద్దు వలపలది, ఎడమవైపు కట్టేది దాపలది. ఊరికి ఫోన్ చేసినప్పుడు తాతను ఈ మాటల గురించి అడగమని పిల్లలకు చెప్పవచ్చు. తాతకు చెప్పడానికి ఒక సంగతి దొరుకుతుంది, పిల్లలకు వినడానికి ఒక కారణం దొరుకుతుంది.

చేతులు కట్టుకుని చెప్పడం

దిశా పదాలకు అసలైన పోటీ హిందీ కాదు, చూపుడు వేలు. వేలు చూపించి "అక్కడ" అంటే పని జరిగిపోతుంది. మాట అవసరం పడదు. కాబట్టి వేలు పనిచేయని పరిస్థితి తరగతిలో కల్పించాలి.

ఇద్దరు పిల్లల్ని వీపు వీపు ఆనించి కూర్చోబెట్టండి. ఇద్దరికీ ఒక్కో డబ్బా, ఒక రాయి, ఒక ఆకు, ఒక పెన్సిలు ఇవ్వండి. మొదటి బిడ్డ తన వస్తువులు తనకు నచ్చినట్టు పెట్టుకుని చెప్పాలి: "రాయి డబ్బా లోపల పెట్టాను. ఆకు డబ్బా మీద ఉంది. పెన్సిలు డబ్బా వెనక ఉంది." రెండో బిడ్డ విని అలాగే పెట్టాలి. తర్వాత ఇద్దరూ తిరిగి చూసుకోవాలి. రెండూ ఒకలా ఉంటే గెలుపు ఇద్దరిదీ. ఒకలా లేకపోతే ఏ మాట దగ్గర తేడా వచ్చిందో వాళ్ళే వెతుక్కుంటారు. ఉపాధ్యాయుడు ఎర్ర సిరా వాడే అవసరమే రాదు.

ఇంకొకటి ఫోన్ ఆట. చేతులు కట్టుకుని నిలబడి, బడి గేటు నుంచి తన తరగతికి ఎలా రావాలో ఫోన్‌లో చెబుతున్నట్టు చెప్పాలి. "గేటు లోపలికి రా. సూటిగా నడు. జెండా కర్ర దాటాక కుడివైపు తిరుగు. మెట్లు ఎక్కి పైకి రా. రెండో గది." ఇది ఒట్టి ఆట కాదు. జనం మధ్యలో తప్పిపోయిన పిల్లవాడు "ఇక్కడ ఉన్నాను" అంటే ఎవరికీ ఉపయోగం లేదు. "టికెట్ కిటికీకి ఎదురుగా, నీళ్ళ కుళాయి పక్కన ఉన్నాను" అనగలిగితే వెతికేవాళ్ళకు దారి దొరుకుతుంది. రోజూ బళ్ళు తిరిగే ఊరిలో ఈ నేర్పు పిల్లలందరికీ ఉండాలి.

నాలుగు దిక్కులు నేల మీద నేర్పాలి

తూర్పు, పడమర, ఉత్తరం, దక్షిణం పెద్ద తరగతుల్లో పటాలతోపాటు నేర్పుదాంలే అని వాయిదా వేస్తాం. తెలుగు ఇళ్ళలో అవి పటం మాటలు కావు, ఇంటి మాటలు. తూర్పు గుమ్మం, పడమటి గది, దక్షిణపు గోడ, ఉత్తరపు వీధి అని పెద్దవాళ్ళు రోజూ అంటారు. ఇలా చెప్పడంలో ఒక లాభం ఉంది. మనిషి ఎటు తిరిగి నిలబడ్డా తూర్పు మారదు. "నీ కుడా, నా కుడా?" అన్న చిక్కు ఇక్కడ లేదు.

ప్రపంచంలో ఇది మన ఒక్కరి అలవాటు కాదు. ఎరిక్ పెడర్సన్ అనే భాషా శాస్త్రవేత్త 1990లలో తమిళుల మాటల్ని పరిశీలించి, పల్లెల్లోని వారు దగ్గరి వస్తువుల చోటు చెప్పడానికి కూడా దిక్కుల పేర్లు వాడతారనీ, పట్టణాలవారు కుడి ఎడమలు వాడతారనీ గమనించారు. ఆస్ట్రేలియాలోని క్వీన్స్‌లాండ్‌లో గూగు యిమిథిర్ భాష మాట్లాడేవారి సంప్రదాయంలో కుడి ఎడమలకు బదులు దిక్కుల పేర్లే వాడుక. ఆ పిల్లలు చిన్నప్పటి నుంచే దిక్కులతో మాట్లాడటం నేర్చుకుంటారు. కాబట్టి చిన్నపిల్లలకు దిక్కులు కష్టమని మనమే తీర్మానించుకోకూడదు. వాడుక ఉంటే వస్తాయి, లేకపోతే రావు.

నేర్పే పద్ధతికి మాటలే దారి చూపిస్తాయి. ఉదయం ఎండ వచ్చేవైపు ముఖం పెట్టి నిలబడితే ఎదురుగా తూర్పు, వీపు వెనక పడమర, కుడి చేతివైపు దక్షిణం, ఎడమ చేతివైపు ఉత్తరం. సంస్కృతంలో దక్షిణ అంటే కుడి అని కూడా అర్థం. పూర్వ అంటే ముందున్నది, పశ్చిమ అంటే వెనకున్నది. గుడిలో దేవుణ్ణి కుడివైపు ఉంచుకుని తిరుగుతాం కాబట్టి అది ప్రదక్షిణ అయింది. పడమర అన్న తెలుగు మాటలో పడు ఉంది, పొద్దు పడేవైపు. తెనుగు అన్న పేరుకే దక్షిణం అని అర్థం వచ్చే "తెన్" మూలమని కొందరు పండితుల అభిప్రాయం.

ఉత్తరం దగ్గర కొంచెం ఆగాలి. హిందీ పాఠంలో ఉత్తర్ అంటే జవాబు. తెలుగు ఇంట్లో ఉత్తరం అంటే పోస్టులో వచ్చేది. ఇప్పుడు మనం దిక్కు అంటున్నాం. ఒక బిడ్డ ఉత్తరం వైపు చూడమంటే తలుపు వైపు, పోస్ట్‌మ్యాన్ వచ్చే దారి వైపు చూసింది. మూడు అర్థాలనూ మూడు వాక్యాల్లో ముందే చెప్పేస్తే అయోమయం ఉండదు, పైగా నవ్వుకుంటూ గుర్తుపెట్టుకుంటారు.

బిలాస్‌పూర్‌లో దిక్కులు నేర్పడానికి ప్రకృతే ఒక సౌకర్యం ఇచ్చింది. భారత ప్రామాణిక కాలానికి ఆధారమైన 82½ డిగ్రీల తూర్పు రేఖాంశం మనకు దగ్గర్లోనే ఉంది. అందువల్ల ఇక్కడ గడియారం 12 కొట్టే వేళకు కాస్త అటూ ఇటుగా సూర్యుడు నడినెత్తి గీత దాటతాడు. కర్కాటక రేఖ మనకు కొద్దిగా ఉత్తరాన ఉంది. కాబట్టి జూన్ నెల, జూలై మొదటి రోజులు తప్పిస్తే, మిట్టమధ్యాహ్నం నిలువు కర్ర నీడ ఉత్తరం వైపే పడుతుంది. ఆవరణలో ఒక కర్ర పాతి, పన్నెండింటికి నీడ వెంబడి సుద్దతో గీత గీస్తే ఉత్తర దక్షిణాలు దొరికినట్టే. దానికి అడ్డంగా మరో గీత గీస్తే తూర్పు పడమరలు. ఆ నాలుగు గీతల మధ్య నిలబడి "తూర్పుకి రెండడుగులు వెయ్యి, దక్షిణానికి ఒకడుగు వెయ్యి" అని ఆడించవచ్చు. ఉదయపు సూర్యుడు ఏడాది పొడవునా సరిగ్గా తూర్పునే రాడు, ఎండాకాలంలో కొంచెం ఉత్తరానికి, చలికాలంలో కొంచెం దక్షిణానికి జరుగుతాడు. పెద్ద పిల్లలు దీన్ని ఈ గీతలతోనే పోల్చి చూడవచ్చు.

గోడకు వేలాడే పటంతో దిక్కులు మొదలుపెట్టవద్దు. గోడ పటంలో ఉత్తరం పైన ఉంటుంది. అది చూసి పిల్లలు ఉత్తరం అంటే ఆకాశం వైపు అనుకుంటారు. పటాన్ని నేల మీద పరచి, దాని ఉత్తరాన్ని సుద్ద గీత ఉత్తరానికి కలిపి, చుట్టూ కూర్చోబెట్టండి. ఆ తర్వాతే గోడకు తగిలించండి.

రైలు దారిలో దిశా పదాలు

రైల్వే పిల్లల దగ్గర మిగతా పిల్లలకు లేని సంపద ఉంది. వాళ్ళు రోజూ చూసే బోర్డు మీదే మూడు దిశా పదాలున్నాయి: దక్షిణ్ పూర్వ్ మధ్య రైల్వే. తెలుగులో అది ఆగ్నేయ మధ్య రైల్వే. దక్షిణానికీ తూర్పుకీ నడుమ మూల ఆగ్నేయం అన్న సంగతి ఆ ఒక్క బోర్డుతో అర్థమవుతుంది. అక్కడి నుంచి నైరుతి, వాయవ్యం, ఈశాన్యం వరసగా వస్తాయి. బిలాస్‌పూర్ నుంచి హౌరా తూర్పున ఉంది, ముంబై పడమరన ఉంది, కట్నీ వాయవ్యాన ఉంది.

విశాఖపట్నం ఎటు ఉంది? ఈ ప్రశ్న మూడు, నాలుగు తరగతుల పిల్లలకు వేయండి. బండి రాయపూర్ వైపు బయలుదేరుతుంది కాబట్టి అటే అంటారు. పటం చూస్తే విశాఖ మనకు దక్షిణాన, కాస్త తూర్పుకు ఉంది. కాకినాడ అయితే దాదాపు సూటిగా దక్షిణానే ఉంది. కోర్బా – విశాఖపట్నం ఎక్స్‌ప్రెస్ మొదట నైరుతికి రాయపూర్ దాకా వెళ్ళి, అక్కడి నుంచి ఆగ్నేయానికి తిరిగి, టిట్లాగఢ్, రాయగడ, విజయనగరం మీదుగా విశాఖ చేరుతుంది. ఊరు ఉన్న దిక్కు వేరు, దారి పట్టే దిక్కు వేరు అని పిల్లలకు తెలియజెప్పడానికి ఇంతకన్నా మంచి ఉదాహరణ వెతకనక్కర్లేదు. వైపు, దాకా, మీదుగా, నుంచి అనే మాటలన్నీ ఈ ఒక్క ప్రయాణంలో వచ్చేస్తాయి. మన నాయనమ్మ ఊరు దక్షిణాన ఉందని తెలిసిన బిడ్డకు దక్షిణం ఇక పరీక్ష మాటగా మిగిలిపోదు.

అవతల, ఇవతల అనే జంటను కూడా ఇక్కడే నేర్పాలి. పట్టాలకు ఇవతల బడి, అవతల కాలనీ. అర్పా నదికి అవతల సర్కండా. సర్కండాలో ఉండేవాళ్ళకు అవతల ఉన్నది మనం. ఈ మాట చెప్పగానే పిల్లలు ఆశ్చర్యపోతారు. అవతల, ఇవతల చెప్పేవాళ్ళు నిలబడ్డ చోటును బట్టి మారతాయని అలా తెలుస్తుంది. నది దగ్గరే ఎగువ, దిగువ కూడా చెప్పవచ్చు. అర్పా పెండ్రా ఎత్తుల మీద పుట్టి ఇటు పారుతుంది. పెండ్రా ఎగువ, శివనాథ్ నదిలో కలిసే చోటు దిగువ. రైల్వేలో అప్ లైన్, డౌన్ లైన్ అంటారు. ఆ మాటలకు ఎత్తుపల్లాలతో సంబంధం లేదని ఒకసారి చెప్పడం మంచిది.

వరస, పరీక్ష

వారానికి ఒకటి రెండు తెలుగు పీరియడ్లే దొరికే చోట ఈ వరస పాటించవచ్చు. మొదట ఇటు, అటు, ఎటు. తర్వాత పైన, కింద, లోపల, బయట, వాటి "కి" రూపాలతో కలిపి. మూడో దశలో ముందు, వెనక, పక్కన, మధ్య, ఎదురుగా. నాలుగో దశలో ఇంటి, ఊరి, చేతి వంటి రూపాలు. ఐదో దశలో సొంత కుడి, ఎడమ. ఆరో దశలో నాలుగు దిక్కులు. మూలలు, అవతల ఇవతల, ఎగువ దిగువ మూడో తరగతి నుంచి. ప్రతి దశలో వినడం ముందు, చెప్పడం తర్వాత, రాయడం చివర. చెప్పినట్టు చేయగలిగిన బిడ్డ, ఇంకా నోరు తెరిచి చెప్పకపోయినా, సగం దారి వచ్చినట్టే.

పరీక్షలో "పైన × కింద" అని వ్యతిరేక పదాలు రాయిస్తే ఏమీ తేలదు. హిందీ అర్థం కూడా తెలియకుండానే ఆ జంటలు కంఠస్థం చేయవచ్చు. ఐదు ఆజ్ఞలు ఇచ్చి చేయించండి, చేసిన ఐదు పనుల గురించి ఐదు ప్రశ్నలు అడగండి. "తలుపు వెనక్కి వెళ్ళు", "ఎక్కడున్నావు?" అంతే. మార్కుల కంటే ఏ రూపం ఇంకా రాలేదో రాసి పెట్టుకోవడం ముఖ్యం.

ఇంటివారికి ఒక మాట

బడిలో దొరికే కొద్ది గంటలతో ఈ మాటలు నిలబడవు. ఇంట్లో చేయవలసింది చాలా తక్కువ. వేలు చూపించి "అది తే" అనే బదులు "బీరువా పైన, ఎడమ పక్కన ఉన్న డబ్బా తే" అనండి. పిల్లలు "ఊపర్" అంటే కోప్పడకండి, "ఆఁ, పైనే ఉంది" అనండి. ఇంట్లో ఒక గోడను తూర్పు గోడ అని పిలవడం మొదలుపెట్టండి. బుధ్వారీ బజార్‌కు వెళ్ళేటప్పుడు దారి చెప్పే పని పిల్లలకు ఇవ్వండి. ఊరికి ఫోన్ చేసినప్పుడు, ఇంట్లో ఏ వస్తువు ఎక్కడ ఉందో నాయనమ్మకు చెప్పమనండి. ఆవిడకు మీ ఇల్లు కనిపించదు కాబట్టి పిల్లలు మాటలతోనే చూపించాలి.

ఇలా కొన్ని నెలలు సాగితే, ఈసారి సెలవులకు వెళ్ళినప్పుడు పడమటి గది ఎటో ఎవరూ చూపించనక్కర్లేదు. డబ్బా అడుగున ఉన్న తాళం చెవి పిల్లలే తెచ్చిస్తారు.